కల్లులొట్టియు, బడిపిల్లవాడును

పాఠశాలలో పరీక్ష యనగానే మనకు లెక్కలు, చరిత్ర, తెలుగు జ్ఞప్తికి వచ్చును. పిల్లవాని మూత్రమును చిన్న సీసాలో పట్టి, అందు మత్తుపదార్థపు జాడ కలదో లేదో చూచుటయు నొక పరీక్షయే. ఉన్నత పాఠశాలలలో చీట్లు తీసినట్లు కొందరు విద్యార్థులను ఎన్నుకొని ఈ పరీక్ష జరుపవలెనను మాట ఈ కాలమున పలుచోట్ల వినవచ్చుచున్నది. ఆ ఆలోచన ఎక్కడ పుట్టినది? ఏ దారిని నడచి వచ్చినది? కొండగట్టు చుట్టుపట్ల పల్లెలలోని పిల్లవానికి అది ఎంతవరకు పనికివచ్చును? ఈ మూడు ప్రశ్నలను శ్రోతలతో కలిసి విచారింతము.

ఈ పరీక్ష బడిలో పుట్టలేదు, దండులో పుట్టినది. వియత్నాము యుద్ధములోని అమెరికా సైనికులకు హెరాయిను అలవాటు ప్రబలినదని తెలియగా, 1971లో నిక్సను ప్రభుత్వము ఒక కట్టడి చేసినది. మూత్రపరీక్షలో నెగ్గినవాడే ఇంటికి పోవు విమానము నెక్కవలెను. తప్పినవాడు అచ్చటనే నిలిచి, మత్తు దిగువరకు చికిత్స పొందవలెను. 1986లో అధ్యక్షుడు రీగను ఉత్తర్వుతో ఇదే పద్ధతి ప్రభుత్వ కార్యాలయములలో ప్రవేశించినది. మూడేండ్లు గడచునప్పటికి బడి గడప తొక్కినది.

ఆ బడి ఆరెగాన్ రాష్ట్రమున వెర్నోనియా యను చిన్న యూరిలోనిది. 1989లో అచ్చటి పాఠశాలలవారు ఆటలాడు విద్యార్థులందరికిని ఈ పరీక్షను విధించిరి. ఏడవ తరగతి బాలు డొకడు కాలిబంతి జట్టులో చేరగోరెను. అతని తల్లిదండ్రులు సమ్మతిపత్రముపై సంతకము చేయుటకు ఒప్పుకొనలేదు. తప్పు చేసినట్లు అనుమానమైనను లేని పిల్లవాడు తాను నిర్దోషినని ఏల రుజువు చేసికొనవలెనని వారి వాదము. వివాదము సుప్రీంకోర్టుదాక పోయినది. 1995లో ఆరుగురు న్యాయమూర్తులు పాఠశాల పక్షమునను, ముగ్గురు బాలుని పక్షమునను నిలిచిరి. 2002లో ఓక్లహోమా రాష్ట్రపు వివాద మొకటి అదే న్యాయస్థానమునకు రాగా, ఆటగాండ్రతోపాటు పాటలు పాడువారిని, ఇతర పోటీలకు పోవువారిని సైతము పరీక్షింపవచ్చునని ఐదుగురు, కూడదని నలుగురు చెప్పిరి. తొమ్మిదిమందిలో ఒక్కరి మొగ్గుతో తేలిన తీర్పిది.

న్యాయము సరే, ఫలితమేమి? 2003లో మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు సుమారు 76,000 మంది విద్యార్థుల సమాధానములను పరిశీలించి, పరీక్షలున్న బడులకును లేని బడులకును మత్తువాడకములో చెప్పుకోదగిన భేదము కానరాలేదని తేల్చిరి. 2015లో అమెరికా శిశువైద్యుల అకాడమీ సైతము బడులలో ఈ పద్ధతి వలదనియే అభిప్రాయము వెలిబుచ్చినది.

సీసాలో ముంచు పట్టీకి కొన్ని మత్తులు మాత్రమే తెలియును. అది మొదటి వడపోత. నిశ్చయమునకు వేరొక సూక్ష్మపరీక్ష ప్రయోగశాలలో జరుగవలెను. మన ఇండ్లలో మసాలాకు నూరు గసగసాలు తిన్నవాని మూత్రములో మార్ఫిను జాడ కనబడవచ్చును. ఈ చిక్కు వలననే అమెరికాలో 1998లో నల్లమందు జాతి మత్తులకు హద్దును 300 నానోగ్రాములనుండి 2000 నానోగ్రాములకు పెంచిరి. పండుగనాటి కూర తిన్న బాలుడు నేరస్థుడుగా నిలుచుట ఎవరికి హితము?

ఇక మన దేశపు మాట. మాదకద్రవ్యముల చట్టము 1985 నవంబరు 14న అమలులోనికి వచ్చినది. అది బాలల దినోత్సవము కావడము విచిత్రము. 2016 డిసెంబరులో భారత సుప్రీంకోర్టు పిల్లలలోని మత్తు అలవాటుపై తీర్పు చెప్పుచు, దేశవ్యాప్తముగా లెక్క తీయుమనియు, జాతీయ ప్రణాళిక రచింపుమనియు, పాఠ్యాంశములలో ఈ విషయమును చేర్చుమనియు ఆదేశించినది. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారము పదినుండి పదునేడేండ్ల పిల్లలలో నూటికి 1.7 మంది జిగురు, పెట్రోలు, వైట్నరు వంటివి పీల్చుచున్నారు. పెద్దలలో ఆ సంఖ్య 0.58 మాత్రమే. పెద్దలకంటె పిల్లలలో హెచ్చుగానున్న ఈ మత్తును ఆ సాధారణపు పట్టీ పసిగట్టలేదు.

కొండగట్టు ప్రాంతపు పల్లెలో మత్తు మొదట ఎదురగు తావు బడి కాదు, కల్లుదుకాణము. తాటికల్లు, ఈతకల్లు మన సీమలో పండుగకును, పెండ్లికిని, చావుకును తోడు. గ్రామదేవతకు సాక పోయుదురు. పెద్దలు ముద్దుచేసి పిల్లవానికి గ్రుక్కెడు పట్టించుటయు కలదు. మోకు, ముత్తాదు ధరించి ప్రాణమునకు తెగించి చెట్టెక్కు గీతకార్మికుడు దించిన కల్లు వేరు, దుకాణములో సీసాలకెక్కిన కల్లు వేరు. చెట్లు తక్కువై గిరాకి ఎక్కువైనచోట నీరు, సాకరిను చేరును. పోయిన మత్తును పూరించుటకు పొడి చేరును. 1832లో జర్మనీలో లీబిగ్ కనుగొనగా 1869నుండి నిద్రమందుగా వాడబడిన క్లోరల్ హైడ్రేటు ఆ పొడులలో నొకటి. మనోవ్యాకులతకు వైద్యులిచ్చు డయాజిపాము, ఆల్ప్రాజోలాము తరువాతివి. ఈ కడపటి రెండును మాదకద్రవ్యముల చట్టపు పట్టికలోనివే.

ఈ పొడికి దేహము ఎంతగా లొంగునో 2015 సెప్టెంబరులో తెలంగాణము చూచినది. కల్తీకల్లుపై దాడులు జరిగి సరఫరా ఒక్కసారిగా ఆగగా, నిజామాబాదు, మహబూబునగరము జిల్లాలలో పెక్కుమంది వణకుచు, మూర్ఛలు వచ్చి, మతి చలించినట్లై ఆసుపత్రుల పాలైరి. మరణములును సంభవించినవి. వారు తాము తినుచున్న మందు పేరైనను ఎరుగరు. కల్లు త్రాగుచున్నామనియే తలచిరి. 2025 జూలైలో హైదరాబాదు కూకటుపల్లిలో కల్తీకల్లు మరల ప్రాణములను బలిగొన్నది.

ఏటేట హనుమజ్జయంతికి కొండగట్టు ఆంజనేయుని సన్నిధికి దీక్షాపరులు వేలాదిగా వత్తురు. నలువదియొక్క దినములు, లేదా పదునొకండు దినములు వారు కల్లుసారా ముట్టరు. ఎవరును సీసా పట్టి వారిని పరీక్షింపరు, మాటకు కట్టుబడుదురు. మాకు ఇది గొప్పగా తోచును. కాని పొడి కలిసిన కల్లుకు మరిగిన దేహమునకు ఈ విరమణ సులభము కాదు. అట్టివాడు దీక్షకు ముందే వైద్యుని కలిసికొనుట మంచిది.

అట్టి ఇంటి పిల్లవానిని బడిలో పరీక్షించితిమనుకొందము. పట్టీపై డయాజిపాము జాతి మందు జాడ తేలును. ఆ చీటి ప్రధానోపాధ్యాయుని బల్లపైకి చేరును. సాయంత్రమునకు ఊరంతయు తెలియును. వాడు బడి మానును. తాత ముంతలోనిది త్రాగిన పాపము వానిది. పొడి కలిపినవాడు నిశ్చింతగా నుండును. 2015 నాటి బాలల న్యాయచట్టము పిల్లలకు మత్తు నిచ్చినవారికి ఏడేండ్లవరకు కఠినకారాగారమును, లక్షరూపాయలవరకు జరిమానాను నిర్ణయించినది. చట్టము వ్రేలు చూపునది ఇచ్చినవాని వైపు. మన పరీక్ష చూపునది పుచ్చుకొన్న బాలుని వైపు.

పిల్లవాడు తూలుచున్నచో, చదువు మందగించినచో, అతనిని చాటుగా వైద్యునివద్దకు తీసికొనిపోవలసినదే. అందు మాకు భేదాభిప్రాయము లేదు. చీట్లు తీసి బడిపిల్లల ముందర సీసాలు పెట్టుటకు ముందు చేయవలసిన పరీక్ష మరియొకటి కలదు. ఆబ్కారీ శాఖవారు దుకాణములనుండి కల్లు నమూనాలు తీసి రసాయనశాలకు పంపుదురు. ఏ దుకాణపు లొట్టిలో ఏ మందు తేలినదో ఊరి పంచాయతి గోడపై తెలుగులో వ్రాసి అంటింపుడు. పిల్లల సీసాల మాట ఆ తరువాత మాటలాడుకొందము.