భౌగోళిక పటాల సాఫ్ట్‌వేరులో వాడుకరి ఇంటర్‌ఫేసు

భౌగోళిక పటాల సాఫ్ట్‌వేరు అనగా ఊర్లు, రహదారులు, నదులు మొదలైన వాటి సమాచారాన్ని కంప్యూటరు లేదా ఫోను తెరపై పటంగా చూపే సాధనం. దానిని వాడుకరితో కలిపే వెతుకుపెట్టె, బొత్తాములు, గుర్తులు, భాష మొదలైన వాటిని కలిపి వాడుకరి ఇంటర్‌ఫేసు అంటారు. పటంలో ఎంత సమాచారమున్నా, వాడుకరి తనకు తెలిసిన మాటలలో దారి అడగలేకపోతే అది అతనికి ఉపయోగపడదు.

చరిత్ర

మొదట ఇటువంటి సాఫ్ట్‌వేర్లు సర్వే, ప్రణాళికా రంగాల నిపుణుల కొరకు తయారైనవి. అక్షాంశ రేఖాంశాలు, పటపు పొరలు తెలియనివారికి వాటి వాడకం కష్టంగా ఉండేది. 2005లో విడుదలైన గూగుల్ మ్యాప్స్, పటాన్ని చిన్న చతురస్రాలుగా విభజించి, చూస్తున్న భాగాన్ని మాత్రమే పంపే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది. అందువలన పటాన్ని మౌసుతో లాగి చూడటం సులభమైంది. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎవరైనా పటాన్ని దిద్దవచ్చు. 2013లో వచ్చిన ఐడి ఎడిటరు కొత్తవారికి ఆ పనిని తేలిక చేసింది.

హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రం రూపొందించిన భువన్‌ను ఇస్రో 2009 ఆగస్టులో ప్రారంభించింది. దాని తొలి రూపానికి ప్రత్యేక ప్లగిన్ స్థాపించుకోవలసి వచ్చేది. తరువాత బ్రౌజరులోనే తెరుచుకునే పటం రావడంతో ఆ ఇబ్బంది తొలగింది.

ఉదాహరణ: అన్నవరం

సత్యనారాయణస్వామి దేవాలయమున్న అన్నవరం, ఇంటర్‌ఫేసు రూపకల్పనలోని చిక్కులకు మంచి ఉదాహరణ.

* ఒకే పేరు: అన్నవరం పేరుతో వేరే మండలాలలోనూ గ్రామాలు కలవు. కనుక వెతుకు ఫలితాలలో మండలం, జిల్లా పేర్లు కనిపించాలి. ఈ ఊరు 2022 ఏప్రిల్ 4 వరకు తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. ఆనాటి పునర్విభజనతో కాకినాడ జిల్లాలో చేరింది. పాత జిల్లా పేరుతో వెతికినా ఊరు దొరకాలి.
* లిపి: మండల కేంద్రమైన శంఖవరం పేరును ఇంగ్లీషులో ఒకటి కంటే ఎక్కువ విధాలుగా రాస్తారు. తెలుగు లిపిలో వెతికే వీలుంటే ఈ తికమక తగ్గుతుంది. 2021 జనవరిలో గూగుల్ మ్యాప్స్ స్థలాల పేర్లను తెలుగుతో సహా పది భారతీయ భాషల లిపులలోకి మార్చి చూపే ఏర్పాటు ప్రకటించింది.
* మార్గం: రత్నగిరి కొండపైకి వాహనాలకు ఘాట్ రోడ్డు, నడిచేవారికి మెట్లదారి ఉన్నాయి. రెండింటినీ ఒకే గీతతో చూపితే, వృద్ధులతో కారులో వచ్చినవారు మెట్ల వద్ద ఆగిపోవలసి వస్తుంది.
* గుర్తులు: స్థానికులు దారి చెప్పేటప్పుడు ఉత్తర, దక్షిణ దిక్కుల కంటే రైల్వే స్టేషను, తొలిపావంచా, పంపానది వంటి గుర్తులనే ఎక్కువగా వాడతారు. 2009 డిసెంబరులో గూగుల్ సంస్థ భారతదేశంలో ఇటువంటి గుర్తుల ఆధారంగా దారి సూచనలను ప్రవేశపెట్టింది.

ముఖ్య సూత్రాలు

* తొలి తెరపై వెతుకుపెట్టె స్పష్టంగా ఉండాలి. అరుదుగా వాడే సౌకర్యాలు లోపల ఉండవచ్చు.
* ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా గుర్తించలేని వారి కొరకు రంగుతో పాటు ఆకారంలోనూ తేడా చూపాలి.
* నెట్‌వర్కు అందని చోట్ల వాడటానికి పటాన్ని ముందే ఫోనులో భద్రపరచుకునే వీలుండాలి.
* తప్పు కనిపించినప్పుడు తెలియజేసే మార్గం సులభంగా ఉండాలి. ఊరి పటంలోని తప్పు మొదట ఆ ఊరివారికే తెలుస్తుంది.