బీదవాని వకీలు - బేరమాడే హక్కు

న్యాయవాద వృత్తి స్వతంత్ర వృత్తి అనే మాట మన చెవులకు బాగా అలవాటైనది. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. కాని బీదల తరపున వాదించేవారి విషయంలో ఆ స్వాతంత్ర్యమే సంకెలగా మారడం అమెరికా చరిత్రలో చూస్తాము.

1963 మార్చిలో గిడియన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, తీవ్రమైన నేరం మోపబడిన బీదవానికి రాష్ట్రమే వకీలును సమకూర్చాలని తీర్పు చెప్పింది. ఫ్లారిడా జైలులో ఒక ఖైదీ పెన్సిలుతో రాసుకున్న అర్జీకి ఫలితమిది. ముద్దాయికి హక్కు దక్కింది. అయితే ఆ హక్కును భుజాన మోసే మనిషికి కూలి ఎంత, అతని నెత్తిన ఎన్ని కేసులు అన్న ప్రశ్నలకు ఆ తీర్పులో జవాబు లేదు.

ఆ ప్రశ్న 1983లో వాషింగ్టన్ నగరంలో రచ్చకెక్కింది. కోర్టు నియమించిన ప్రైవేటు వకీళ్లకు కోర్టులో గంటకు 30 డాలర్లు, వెలుపలి పనికి 20 డాలర్లు ఇచ్చేవారు. సుమారు నూరుమంది ఏకమై సెప్టెంబరులో కొత్త కేసులు తీసుకోవడం మానివేశారు. పక్షం రోజుల్లో నగర పాలకులు 35 డాలర్లకు ఒప్పుకున్నారు. వెంటనే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వ్యాజ్యానికి దిగింది. ఇది వ్యాపారులు కూడబలుక్కొని ధర పెంచడమేనని 1990లో సుప్రీంకోర్టు తేల్చింది. గుత్త వ్యాపారాన్ని అణచడానికి వచ్చిన 1890 నాటి షెర్మన్ చట్టం వీరి మీద పడింది. మనిషి శ్రమ సరుకు కాదని చెప్పి కార్మిక సంఘాలకు రక్షణ ఇచ్చిన 1914 నాటి క్లేటన్ చట్టం వీరికి అక్కరకు రాలేదు. కారణం? వీరు జీతగాళ్లు కారు, "స్వతంత్రులు"!

జీతగాళ్ల దారి వేరు. న్యూయార్కు లీగల్ ఎయిడ్ సొసైటీ వకీళ్లు 1969లోనే సంఘం పెట్టుకున్నారు. అనంతరం అది మోటారు కార్మికుల యూనియన్‌లో శాఖ అయింది. 1982లో వారు రెండు నెలలకు పైగా సమ్మె చేశారు. 1994 అక్టోబరులో మళ్లీ సమ్మెకు దిగగా, సొసైటీతో నగరానికున్న కాంట్రాక్టులు రద్దు చేస్తానని మేయర్ జూలియానీ బెదిరించాడు. సమ్మె రోజుల్లోనే ముగిసింది. తరువాతి సంవత్సరాల్లో పనిని కొత్త సంస్థలకు పంచిపెట్టారు.

వకీలు సమ్మె చేస్తే జైలులో మగ్గేది ముద్దాయే కదా అని అడగవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. కాని మోయలేనన్ని కేసుల కింద నలిగిన వకీలు ఏ ముద్దాయిని కాపాడగలడు? కేసుల సంఖ్యకు హద్దు కోరడం వకీలు కోర్కె మాత్రమే కాదు, ముద్దాయి అవసరం కూడా. నాడు పోటీగా నిలబెట్టిన సంస్థల ఉద్యోగులు సైతం ఇటీవలి సంవత్సరాల్లో అదే సంఘంలో చేరారు. హక్కును చట్టం రాయవచ్చు. దాన్ని నిలబెట్టేది సంఘటిత శక్తి.