నాలుగు రోజుల ఆతిథ్యం

రబ్బరు పడవ అడుగున ఏదో ధనధనా కొట్టుకుంది. పడవలోని ఇద్దరూ అంచు పట్టుకుని వంగి చూశారు. కింద పన్నెండడుగుల పొడవున బూడిదరంగు శరీరం. దాని నోట్లో పెంగ్విన్. ఆ పెంగ్విన్‌ను పడవకేసి విదిలించి కొడుతోంది.

అది లెపర్డ్ సీల్. ఆడది. బరువు నాలుగున్నర క్వింటాళ్లు ఉంటుంది. అంటార్కిటికా చుట్టూ ఉన్న సముద్రంలో కిల్లర్ వేల్‌ను మినహాయిస్తే దీన్ని మించిన వేటజంతువు లేదు. నోరు తెరిచిందంటే మనిషి తల అందులో పట్టేస్తుంది.

పడవలో ఉన్నవాళ్లలో ఒకరు గోరాన్ ఎల్మే. స్వీడన్ దేశస్థుడు, నీటి అడుగున కెమెరా పట్టడంలో చెయ్యి తిరిగినవాడు. అంతకు ముందే ఎన్నో సీజన్లు ఈ సీల్స్ మధ్య గడిపాడు. రెండోవాడు పాల్ నిక్లెన్, కెనడా ఫొటోగ్రాఫర్. నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక పనిమీద వచ్చాడు. లెపర్డ్ సీల్‌తో నీళ్లలోకి దిగడం అతనికి ఇదే మొదటిసారి.

ఇక నువ్వు దిగాల్సిన సమయం వచ్చింది అన్నాడు గోరాన్.

ఆ మాట వినగానే తనకేమైందో నిక్లెన్ తర్వాత ఎన్నో వేదికల మీద దాపరికం లేకుండా చెప్పాడు. నోరు తడారిపోయింది. కాళ్లు వణికాయి, కాసేపటికి అవి ఉన్నాయో లేవో కూడా తెలియలేదు. ఫ్లిప్పర్స్ తొడుక్కున్నాడు. పెదాలు విడదీసి స్నోర్కెల్ గొట్టం పళ్ల మధ్య పెట్టుకోవడానికే కష్టమైంది. గోరాన్ అతనికి ఇచ్చిన సలహా ఒక్కటే: మరీ భయమేస్తే కళ్లు మూసుకో, అదే పోతుంది. ఇంతోటి సలహాతో పడవ అంచు మీంచి వెనక్కి ఒరిగి, గడ్డకట్టడానికి సిద్ధంగా ఉన్న ఆ నీళ్లలో పడ్డాడు.

ఇతను పిరికివాడేమీ కాదు. 1968లో కెనడాలోని సస్కాచవాన్ రాష్ట్రంలో పుట్టాడు. నాలుగేళ్ల వయసులో కుటుంబం ఉత్తరాన బాఫిన్ దీవికి మారింది. రెండు వందల గడప కూడా కాదు, సుమారు రెండు వందల మంది మనుషులున్న ఊరు. దాదాపు అందరూ ఇన్యూట్లే. ఇంట్లో టీవీ లేదు, ఫోన్ లేదు. మంచు మీద ఎలా నడవాలో, ఏ మంచు మనిషిని మోస్తుందో, ఏది మింగేస్తుందో అక్కడి ఇన్యూట్ పిల్లల దగ్గరే నేర్చుకున్నాడు. తర్వాత జీవశాస్త్రం చదివి, ప్రభుత్వ వన్యప్రాణి విభాగంలో ఉద్యోగం చేశాడు. ఎంత కష్టపడి సమాచారం సేకరించినా అది నివేదికల్లో అంకెలుగా మిగిలిపోతోందని విసిగి, ఉద్యోగం మానేసి కెమెరా పట్టుకున్నాడు.

అలాంటివాడి కాళ్లు వణకడానికి కారణం ఆ జంతువు కోరలు మాత్రమే కాదు, దాని పేరు చుట్టూ అల్లుకున్న కథలు కూడా.

వాటిలో బాగా పాతది అంటార్కిటికా అన్వేషకుడు షాకిల్టన్ యాత్రలో జరిగింది. 1915 నవంబరులో ఎండ్యూరెన్స్ ఓడ మునిగిపోయాక, నావికులంతా తేలే మంచుపలక మీద గుడారాలు వేసుకుని బతుకుతున్నారు. వాళ్లలో థామస్ ఆర్డ్-లీస్ ఒకరోజు స్కీల మీద తిరిగివస్తుంటే నీళ్లలోంచి ఒక లెపర్డ్ సీల్ ఎగిరి మంచు మీద పడి తరిమింది. ప్రాణాలు అరచేత పెట్టుకుని పరుగెడుతున్నాడు ఆర్డ్-లీస్. సీల్ ఉన్నట్టుండి నీళ్లలోకి దూకింది. పీడ వదిలిందనుకున్నాడు. అది మంచు కింద నుంచి అతని నీడను అనుసరిస్తూ ఈది, అతనికంటే ముందుకెళ్లి ఎదురుగా పైకి లేచింది! సహచరుడు ఫ్రాంక్ వైల్డ్ తుపాకీతో పరుగున వచ్చి కాల్చకపోతే ఆ కథ చెప్పడానికి ఆర్డ్-లీస్ ఉండేవాడు కాదేమో. నిలువుగా ఉన్న మనిషిని అది పెద్ద పెంగ్విన్ అనుకుని ఉంటుందని నవ్వుకోవచ్చు, ఇంత దూరాన కూర్చుని.

కొత్త కథకు నవ్వు రాదు. 2003 జులై 22. రోథెరా అనే బ్రిటిష్ పరిశోధన కేంద్రం దగ్గర ఇరవై ఎనిమిదేళ్ల సముద్ర జీవశాస్త్రవేత్త స్నోర్కెల్‌తో నీళ్లలో పనిచేసుకుంటోంది. ఒక లెపర్డ్ సీల్ ఆమెను పట్టుకుని లోతుకు లాక్కుపోయింది. ఒంటిమీదున్న పరికరం 70 మీటర్ల లోతు వరకూ నమోదు చేసింది. తోటివాళ్లు పడవలో వెళ్లి బయటికి తెచ్చినా ప్రాణం దక్కలేదు. లెపర్డ్ సీల్ వల్ల మనిషి చనిపోయినట్టు నమోదైన మొదటి సంఘటన అది. నిక్లెన్ నీళ్లలో దిగేనాటికి దానికి మూడేళ్లయినా నిండలేదు. రబ్బరు పడవలో కూర్చున్న నిక్లెన్‌కు ఆ సంగతి తెలియకుండా ఎలా ఉంటుంది?

పైగా ఆ రోజుల్లో సినిమాల్లోనూ దీనికి మంచి పాత్ర దొరకలేదు. 2006లో ఆస్కార్ అందుకున్న పెంగ్విన్ల డాక్యుమెంటరీ ‘మార్చ్ ఆఫ్ ది పెంగ్విన్స్’లో తల్లి పెంగ్విన్‌ను నీటి అడుగున కాటేసేది ఇదే. అదే ఏడాది వచ్చిన ‘ఎయిట్ బిలో’లో చచ్చిన తిమింగలం కళేబరంలోంచి దూసుకొచ్చి ప్రేక్షకులను కుర్చీల్లో ఎగిరిపడేలా చేసిందీ ఇదే. ఏడాది చివర్లో పిల్లల కోసం వచ్చిన ‘హ్యాపీ ఫీట్’లో పళ్లు బయటపెట్టి వెంటపడిందీ ఇదే. రెండేళ్లు తిరక్కుండా ముగ్గురు దర్శకులు ఒకే నటికి ఒకే వేషం ఇచ్చారు.

ఇక నిక్లెన్ నీళ్లలో పడగానే ఏం జరిగిందంటే, ఆ సీల్ నోట్లోని పెంగ్విన్‌ను వదిలేసి నేరుగా అతని మీదికొచ్చింది. నోరు బార్లా తెరిచి కెమెరాను మొత్తంగా నోట్లో పెట్టుకుంది. కెమెరా వెనకే అతని ముఖం. పై కోరలు నెత్తికి ఆ పక్కన, కింది కోరలు గడ్డానికి ఈ పక్కన. ఎదురుగా చీకటి గొంతు. గోరాన్ సలహా పాటించి కళ్లు మూసుకోవాల్సిన క్షణం అదే. అతను మూసుకోలేదు. కెమెరా మీట నొక్కుతూనే ఉన్నాడు.

కొన్ని నిమిషాలు ఇలా బెదిరించాక ఆ సీల్ ఒక్కసారిగా మెత్తబడింది. పక్కకు తిరిగి వెళ్లిపోయింది. మళ్లీ వచ్చేసరికి నోట్లో ప్రాణంతో ఉన్న పెంగ్విన్. అతనికి పదడుగుల దూరంలో ఆగి, దాన్ని వదిలింది. పెంగ్విన్ నిక్లెన్ పక్కనుంచే దూసుకుపోయి తప్పించుకుంది. సీల్ వెళ్లి ఇంకొకదాన్ని తెచ్చింది. మళ్లీ అతనివైపు వదిలింది. మళ్లీ తప్పించుకుపోయింది. ఇలా మళ్లీ మళ్లీ జరిగాక గాని నిక్లెన్‌కు వెలగలేదు, అది తనకు తిండి పెట్టాలని చూస్తోందని.

అక్కడితో అది ఆగలేదు. ఈ కొత్త ప్రాణికి ఈదే పెంగ్విన్‌ను పట్టుకోవడం చేతకాదని తేల్చుకుని, నీరసించిపోయిన పెంగ్విన్లను తేవడం మొదలుపెట్టింది. వాటినీ పట్టుకోలేదు ఇతను. చచ్చినవాటిని తెచ్చింది. ముట్టుకోలేదు. కెమెరా అద్దానికేసి నొక్కింది. అయినా తినడే! చివరికి చచ్చిన పెంగ్విన్‌ను ఎత్తి అతని నెత్తిన వేసింది. ఒక దశలో అతని చుట్టూ పెంగ్విన్ కళేబరాలు తేలుతున్నాయి. ఆ సీల్ ఎదురుగా నిలబడి నిరాశగా చూస్తోంది. పనికిమాలిన వేటగాడు, ఇలాగైతే ఆకలితో చస్తాడు అన్నట్టుగా ఉందట ఆ చూపు.

నాలుగు రోజులు సాగింది ఈ వ్యవహారం. ఒక దశలో తన కళ్లలో నీళ్లు తిరిగి మాస్కులోకి కారాయని నిక్లెన్ చెప్పుకున్నాడు.

ఆ నాలుగు రోజుల్లో నన్ను అన్నిటికంటే కట్టిపడేసిన ఘట్టం మాత్రం తిండి పెట్టడం కాదు. ఒకసారి నీళ్లలో ఉండగా అతనికి శరీరమంతా అదిరేలా ఒక శబ్దం వినిపించింది. రోడ్డు పగలగొట్టే డ్రిల్లింగ్ యంత్రం ఛాతీ లోపల తిరుగుతున్నట్టు. ఆ సీలే గొంతులోంచి తీస్తున్న గర్జన. తనమీదికే వస్తోందనుకుని నిక్లెన్ బిగుసుకుపోయాడు. నిజానికి అతని వెనక మరో పెద్ద లెపర్డ్ సీల్ చప్పుడు లేకుండా వచ్చి చేరింది. గర్జన దానికోసం. దాన్ని తరిమేసి, దాని నోటి దగ్గరి పెంగ్విన్‌ను లాక్కుని, తీసుకొచ్చి మళ్లీ ఇతని ముందే పెట్టింది.

ఈ ఫొటోలు 2006 నవంబరు నేషనల్ జియోగ్రాఫిక్ సంచికలో అచ్చయ్యాయి. తర్వాత ఉపన్యాసాల్లో, వీడియోల్లో ప్రపంచమంతా తిరిగాయి. చూసిన ప్రతివారూ దాదాపు ఒకటే మాట అన్నారు: తల్లి ప్రేమ. అనిపించడంలో వింతేమీ లేదు. అన్నం వద్దని మొరాయించే పిల్లాడి వెనక గిన్నె పట్టుకుని వీధంతా తిరిగే అమ్మమ్మల దేశం మనది. ఆ ఫొటోలు చూస్తే మనకు వాళ్లే గుర్తొస్తారు.

కానీ ఇక్కడే ఒక్క క్షణం ఆగాలి. లెపర్డ్ సీల్ తల్లి మంచు మీద పిల్లను కని నెల రోజులో, అంతకు కాస్త అటూ ఇటూగానో పాలిస్తుంది. ఆ తర్వాత దాని దారి దానిది, పిల్ల దారి పిల్లది. వేట నేర్పుతూ పెంగ్విన్లు తెచ్చి నోటికందిస్తుందని రుజువేమీ లేదు. మరోవైపు, పెంగ్విన్‌ను పట్టడం, వదలడం, మళ్లీ పట్టడం ఈ జంతువులకు మామూలే, ఆకలి లేనప్పుడు కూడా. అంటే తిండి పెట్టడంలా కనిపించింది ఆట కావచ్చు. ఎదుటివాడు ఎవరో, ఎంతటివాడో పరీక్షించడం కావచ్చు. పంచుకుని తినడమే కావచ్చు కూడా. దక్షిణ జార్జియా దీవి దగ్గర రెండు లెపర్డ్ సీల్స్ ఒకే పెంగ్విన్‌ను చెరో కొసా పట్టి చీల్చుకు తింటున్న దృశ్యాలు కెమెరాకు చిక్కాయి, వాటిమీద 2019లో శాస్త్రీయ పత్రం వచ్చింది. దీని ముందు రెక్కలు ఆహారాన్ని పట్టి ఉంచలేవు. అందుకే ఒంటరిగా ఉన్నప్పుడు నీటి మీద కొట్టి కొట్టి చీలుస్తుంది. పక్కన మరొకటి పట్టుకుంటే పని తేలిక. నిక్లెన్‌ను అది పిల్లాడనుకుందా, తిండిలో పొత్తుదారనుకుందా, వింత వస్తువనుకుందా? సీల్ మనసులో ఏముందో ఫొటో చెప్పదు.

కెమెరా చూపనిదీ ఎంతో ఉంటుంది, దాని నోరే తీసుకోండి. ముందు భాగంలో కోరలు. వెనక దవడ పళ్లకు మూడేసి మొనలు, పైవి కిందివి కలిస్తే జల్లెడలా తయారవుతాయి. రొయ్యపిల్లల్లాంటి క్రిల్‌ను నీళ్లతో సహా నోట్లోకి తీసుకుని, ఆ జల్లెడ గుండా నీళ్లు వదిలేస్తుంది. దాని తిండిలో పెద్ద వాటా ఈ చిట్టి క్రిల్‌దే. మీరెప్పుడైనా తెర మీద లెపర్డ్ సీల్ క్రిల్ తింటుండగా చూశారా? చూసి ఉండరు. క్రిల్ తినే సీల్ వెనక డప్పులు మోగించడం కష్టం మరి.

వన్యప్రాణి చిత్రాల ఎడిటింగ్ గదిలో జరిగే పని ఇదే. పెంగ్విన్ గూటి దగ్గర కెమెరా పెడితే సీల్ రాక్షసి. ఆకలితో ఉన్న సింహం పిల్లల దగ్గర పెడితే జింక ఒట్టి భోజనం. కెమెరా ఎవరి పక్కన కూర్చుంటే వాళ్లే కథానాయకులు. వేర్వేరు రోజుల్లో తీసిన ముక్కలు ఒకే వేటగా అతుకుతారు. ఎముక విరిగిన చప్పుడు, నీళ్ల చప్పుడు చాలాసార్లు స్టూడియోలో చేసి కలుపుతారు. ఇదంతా మోసం అనను. గడ్డకట్టే చలిలో వారాల తరబడి కాపు కాసి తెచ్చిన దృశ్యాలను గంటలో కూర్చాలంటే ఏదో ఒక కథ ఉండాలి. కానీ ఆ కథ రాసింది మనిషి. నిక్లెన్ కథలో తల్లిని రాసిందీ మనిషే. రాక్షసి వేషం తీసి అమ్మ వేషం వేశాం, అంతే తేడా.

మరి ఏది నిజం? రోథెరాలో ప్రాణం తీసింది నిజం. నిక్లెన్ నెత్తిన పెంగ్విన్ పెట్టింది నిజం. ఆ తర్వాత ముప్ఫై దాకా ఇతర లెపర్డ్ సీల్స్‌తో నీళ్లలోకి దిగినా ఒక్కటీ తనను భయపెట్టలేదని అతనన్నదీ నిజమే అయి ఉండాలి. ఆ ధైర్యంతో మరొకరిని దిగమని మాత్రం నేను చెప్పను. నీళ్లలో ఉండేది ఒక జాతి కాదు, ఒక్కో జంతువు. దాని ఆ రోజు ఆకలి, ఆ రోజు తిక్క.

నిక్లెన్ 2014లో మరికొందరితో కలిసి సీలెగసీ అనే సంస్థ పెట్టి సముద్రాల రక్షణ కోసం పనిచేస్తున్నాడు. తన ఫొటోల వెనక అసలు పాత్ర మంచు అని చెబుతుంటాడు. క్రిల్ పిల్లలు చలికాలంలో సముద్రపు మంచు అడుగున పెరిగే నాచు తిని బతుకుతాయి. ఆ క్రిల్‌ను పెంగ్విన్లు తింటాయి, సీల్స్ తింటాయి. మంచు తగ్గితే వేటాడేవాళ్లకూ వేటకు దొరికేవాళ్లకూ ఒకేసారి పస్తే.

ఈసారి ఆదివారం పూట టీవీలో ఏదో మృగం పొదల్లోంచో నీళ్లలోంచో బయటికొచ్చి, డప్పులు మొదలైనప్పుడు రిమోట్ తీసుకుని సౌండ్ పూర్తిగా తగ్గించండి. వ్యాఖ్యానమూ వద్దు, సంగీతమూ వద్దు. ఓ అయిదు నిమిషాలు ఆ జంతువు ఏం చేస్తోందో అదొక్కటే చూడండి. పక్కన పిల్లలుంటే వాళ్లకేం కనిపించిందో అడగండి.