పొన్నియిన్ సెల్వన్: చదివినవాళ్లకి, చూసినవాళ్లకి

ఈసారి కాస్త పొడుగ్గా రాశాను. తీరిక ఉన్నప్పుడు చదవండి. నేను చదివింది తమిళ బడిలో, తెలుగు అక్షరాలు పెద్దయ్యాక నేర్చుకున్నవి. తప్పులుంటే మన్నించండి.

సెలవులకి వచ్చిన మా మనవరాలికి పొన్నియిన్ సెల్వన్ సినిమా రెండు భాగాలూ తెలుగు డబ్బింగులో పెట్టాను. రెండు రాత్రులు కదలకుండా చూసింది. అయిపోయాక ఒక మాట అడిగింది. "తాతా, ఇది వాళ్ల కథ కదా? మనది కాదు కదా?"

వాళ్లంటే తమిళులు, మనమంటే ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లం. నేను పుట్టింది, చదివింది, ఉద్యోగం చేసింది అంతా ఈ తమిళ గడ్డ మీదే. అయినా ఆ పిల్లకి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ జవాబు కోసమే.

ముందు పుస్తకం సంగతి. కల్కి కృష్ణమూర్తి ఈ నవలని తన కల్కి వారపత్రికలో 1950 అక్టోబరు నుంచి 1954 మే వరకు మూడున్నరేళ్లకు పైగా రాశారు. అది పూర్తయిన ఏడాదే, డిసెంబరులో, ఆయన పోయారు. ఐదు భాగాలు, రెండు వేల పేజీలకు పైనే. ఆ తరువాత పత్రికలో మళ్లీ మళ్లీ సీరియల్‌గా వచ్చింది. ఎన్నో ఇళ్లలో ఆ కాగితాలు చించి, దారంతో కుట్టి, అట్ట వేసి దాచుకున్నారు. మా ఇంట్లోనూ అలాంటి కట్ట ఒకటి ఉండేది.

మా అవ్వకి చదువు రాదు. నేను తమిళంలో ఒక పేరా చదివి, దాన్ని మా ఇంటి తెలుగులో ఆమెకి చెప్పేవాణ్ణి. ఆడిపెరుక్కు రోజున వీరనారాయణ చెరువు గట్టు మీద వందియదేవన్ గుర్రం మీద వస్తాడు, కథ అక్కడ మొదలవుతుంది. అవ్వ అక్కడే ఆపి, "ఆ చెరువు ఇప్పుడుందా?" అని అడిగింది. ఉంది. కాట్టుమన్నార్‌కోయిల్ దగ్గర వీరాణం చెరువంటే అదే. పుస్తకంలో అలా ఆపి అడగడానికి వీలుంటుంది. పత్రికలో మణియం గారి బొమ్మలున్నా, మా అవ్వ మనసులో నందిని వేరే, నా మనసులో నందిని వేరే.

ఇక సినిమా. ఎం.జి.ఆర్. 1958లోనే తీస్తానని ప్రకటించారు, కుదరలేదు. చివరికి మణిరత్నం తీశారు. మొదటి భాగం 2022 సెప్టెంబరు 30న, రెండోది 2023 ఏప్రిల్ 28న వచ్చాయి. రెండూ కలిపి సుమారు ఐదున్నర గంటలు. మూడున్నరేళ్లు వారం వారం చదివించిన కథని ఐదున్నర గంటల్లో చెప్పాలంటే కోతలు తప్పవు. నవల చివర్లో మా అవ్వని ఏడిపించిన మణిమేకలై సినిమాలో అసలు లేనే లేదు. గుడికి పూలమాలలు కట్టే సేందన్ అముదనే అసలు మధురాంతకుడని నవల చివర్లో తేలుతుంది, కిరీటం అతనికే దక్కుతుంది. సినిమాలో ఆ మలుపు లేదు, మొదటినుంచీ మనం చూస్తున్న మధురాంతకుడే రాజవుతాడు.

కోతల కోసం నేను కోపపడను. నాకు అడ్డు తగిలింది వేరే చోట. ఆదిత్య కరికాలుణ్ణి ఎవరు చంపారన్నది కల్కి తేల్చి చెప్పలేదు. ఆ గదిలో దీపం ఆరిపోతుంది, పాఠకుడు చీకట్లో మిగిలిపోతాడు. సినిమాలో కెమెరా ఆ గదిలోకి వెళ్లి, జరిగింది చూపించేసింది. చూసినవాళ్లకి ఇక సందేహం లేదు. సందేహం లేనివాడు పైకి వెతకడు.

కల్కి ఎందుకు తేల్చలేదు? చరిత్రలోనే అది తేలలేదు కాబట్టి. కాట్టుమన్నార్‌కోయిల్ పక్క ఉడైయార్‌గుడి గుడిలో ఒక శాసనం ఉంది. రాజరాజు గద్దెనెక్కింది 985లో. ఆయన రెండో పాలనా సంవత్సరపు శాసనం అది. కరికాలుణ్ణి చంపిన ద్రోహులని సోమన్, రవిదాసన్, పరమేశ్వరన్ అన్న పేర్లు అందులో ఉన్నాయి. వాళ్లవీ వాళ్ల బంధువులవీ భూములు స్వాధీనం చేసుకున్న సంగతి ఉంది. మరి హత్యకీ ఈ శాసనానికీ మధ్య ఉత్తమ చోళుడు ఏలిన అన్ని ఏళ్లు ఏం జరిగింది? ఉత్తముడి మీద నీలకంఠ శాస్త్రి గారికి అనుమానం. సదాశివ పండారత్తార్ గారు దాన్ని ఒప్పుకోలేదు. కల్కి ఈ ఇద్దరినీ చదివి, వాళ్ల తగువుని మనకే వదిలేశారు. వందియదేవుడి విషయమూ అంతే. రాజరాజు అక్క కుందవై భర్త పేరు వల్లవరైయర్ వందియదేవర్ అని తంజావూరు పెద్దగుడి శాసనంలో ఉంది. ఆ పేరు పట్టుకునే రెండు వేల పేజీల వీరుణ్ణి తయారు చేశారాయన.

అలాగని నవలే చరిత్ర కాదు. నందిని, పూంగుళలి కల్కి ఊహలో పుట్టినవాళ్లు. కానీ నవల చదివినవాడికి ఏది ఊహ, ఏది శాసనం అని అడిగే అలవాటు పడుతుంది.

ఇప్పుడు మనవరాలి ప్రశ్నకి వస్తాను. పుస్తకమూ సినిమా రెండూ ఉత్తమ చోళుడికి కిరీటం పెట్టి కథ ముగిస్తాయి. అంటే దాదాపు 973 దగ్గర. సరిగ్గా ఆ కాలంలోనే అక్కడ వేంగిలో ఇంకో కథ మొదలైంది. తూర్పు చాళుక్య రాజు దానార్ణవుణ్ణి జటాచోడ భీముడు చంపి రాజ్యం తీసుకున్నాడు. దానార్ణవుడి కొడుకులు శక్తివర్మ, విమలాదిత్యుడు దక్షిణానికి పారిపోయి వచ్చి చోళుల దగ్గర తలదాచుకున్నారు. సినిమాలో లంకకి వెళ్లిన ఆ అరుళ్‌మొళే రాజరాజై, వేంగి మీదికి సైన్యాన్ని నడిపి శక్తివర్మని మళ్లీ గద్దె మీద కూర్చోబెట్టాడు.

అంతటితో ఆగలేదు. రాజరాజు కూతురి పేరు కూడా కుందవైయే, మేనత్త పేరే. ఆ కుందవైని విమలాదిత్యుడికిచ్చి పెళ్లి చేశారు. వాళ్ల కొడుకే రాజరాజ నరేంద్రుడు. తాత పేరు పెట్టుకున్నాడు. రాజమహేంద్రవరంలో నన్నయ గారి చేత భారతం తెనిగింపజేసింది ఈయనే. అంటే మన ఆదికవిని పోషించిన రాజుకి, సినిమాలో పిల్లలందరూ చప్పట్లు కొట్టిన పొన్నియిన్ సెల్వన్ సొంత తాత, తల్లికి తండ్రి!

రాజరాజ నరేంద్రుడు మేనమామ రాజేంద్ర చోళుడి కూతురు అమ్మంగదేవిని చేసుకున్నాడు. మన ఇళ్లలో ఇంకా చెప్పుకునే మేనరికమే. వాళ్లకి పుట్టిన రాజేంద్రుడు 1070లో చోళ సింహాసనం ఎక్కి మొదటి కులోత్తుంగ చోళుడయ్యాడు, దాదాపు యాభై ఏళ్లు ఏలాడు. బడిలో మాకు కళింగత్తుపరణి పాఠం ఉండేది, పద్యాలు కంఠస్థం చేసేవాళ్లం. ఆ కావ్యనాయకుడు కులోత్తుంగుడే. ఆయన తండ్రి వేంగి రాజని, నన్నయ భారతం విన్న రాజని మా అయ్యవార్లు చెప్పలేదు. చెప్పి ఉంటే తరగతిలో ఇంట్లో తెలుగు మాట్లాడే మేము నలుగురం కాస్త నిటారుగా కూర్చునేవాళ్లం.

అయితే ఒక హెచ్చరిక కూడా రాయాలి. దీన్ని పట్టుకుని "చోళులు మనవాళ్లే" అని సంఘంలో ఎవరూ ఊరేగింపు తీయకండి. కులోత్తుంగుడు చోళుడిగానే ఏలాడు, తమిళ కవుల చేతనే పొగిడించుకున్నాడు. మనలో చాలామంది పూర్వీకులు ఈ గడ్డకి వచ్చింది ఆ తరువాత ఎన్నో వందల ఏళ్లకి, విజయనగర, నాయకుల కాలంలో. మనం ఆ రాజుల మనవలం కాదు. నేను చెప్పేది ఒక్కటే. ఈ రెండు భాషల మధ్య వాళ్లు, మనం అనే గోడ ఆ రోజుల్లో అంత ఎత్తుగా లేదు. పిల్లనిచ్చి పుచ్చుకున్న ఇళ్లవి.

సినిమాని నేను తీసిపారెయ్యను. సినిమా చూడకపోతే మా పిల్ల ఆ ప్రశ్న అడిగేదే కాదు. కానీ జవాబు సినిమాలో లేదు, నవలలోనూ పూర్తిగా లేదు. నవల చదివిన అలవాటుతో ఇంకో పుస్తకం, అక్కణ్ణుంచి శాసనం, అలా పోతే దొరికింది. సినిమా మన దగ్గరికి వస్తుంది, జవాబు కోసం మాత్రం మనమే నడిచి వెళ్లాలి.

మన పిల్లల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు, కొందరికి తమిళమూ సరిగ్గా రాదు. వాళ్లకి ఇది ఎలా అందుతుందని మీరు అడగవచ్చు. మా అవ్వకి అందినట్టే అందుతుంది. రోజూ రాత్రి ఫోనులో మనవరాలికి ఒక అధ్యాయం తమిళంలో చదివి, తెలుగులో చెప్తున్నాను. వందియదేవన్ ఇంకా కడంబూరు కోటలోనే ఉన్నాడు. నిన్న రాత్రి పిల్ల నన్ను ఆపి, "తాతా, ఆ చెరువు ఇప్పుడుందా?" అంది. వచ్చే ఆడిపెరుక్కుకి తీసుకెళ్లి చూపిస్తానని చెప్పాను. మీ పిల్లల్ని కూడా పంపేటట్టయితే చెప్పండి, అందరం కలిసి వెళ్దాం.