చైనా పట్టు, మన ఇంటి చరఖా

ఆమడగూరు నుంచి హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్‌కు వెళ్లిన వాళ్లకు "చైనా సరుకు" అనే మాట కొత్త కాదు. గూళ్లు ఉడకబెట్టి చరఖా మీద దారం తీసే రీలర్లలో మన ముస్లిం ఖాందాన్లు చాలా ఉన్నాయి. వాళ్ల రోజ్‌గార్‌కు, చైనాకు లంకె పాతదే.

చవక చైనా పట్టును ఆపడానికి మన హుకూమత్ 2003లో యాంటీ డంపింగ్ సుంకం వేసింది. 2011లో ముడిపట్టు దిగుమతి సుంకాన్ని 30 శాతం నుంచి 5 శాతానికి దించింది. ధర్మవరం నేతన్నకు నూలు చవకైతే, హిందూపురం రీలరు కమాయికి దెబ్బ తగిలింది.

మరి చైనా పల్లె బాగుపడిందా? 1978 తర్వాత ఫ్యాక్టరీలు పెరిగాయి, నౌజవాన్లు పట్నాలకు వెళ్లిపోయారు. తూర్పు తీరంలో కూలి రేట్లు పెరగడంతో మల్బరీ సాగు గువాంగ్‌షీ వైపు మళ్లింది. 1958 నాటి 'హుకౌ' కానూన్ వల్ల వలస మజ్దూర్‌కు పట్నపు బడి మీద, దవాఖానా మీద పూరా హఖ్ లేదు. అందుకే లక్షల మంది పిల్లలు ఊళ్లో దాదీ, నానీల దగ్గరే పెరిగారు. ఒకే బిడ్డ నియమాన్ని 2016లో ఎత్తేసినా 2022 నుంచి జనాభా తగ్గుతోంది. బుజుర్గులను చూసుకునే చేతులు కరువయ్యాయి.

మన పిల్లలూ బెంగళూరు బస్సు ఎక్కుతున్నారు. 2019 నుంచి పెనుకొండ దగ్గర కియా కార్లు తయారవుతున్నాయి. చైనాను తిట్టుకోవడం ఆసాన్. దాని తారీఖ్ నుంచి సబఖ్ నేర్చుకోవడమే ముష్కిల్. చరఖా వదలక తప్పకపోతే, ముందు పిల్లల చేతికి తాలీమ్ అందాలి. ఇంట్లో మిగిలిన బుజుర్గుల జిమ్మేదారీ ఎవరిదో కూడా అప్పుడే తేల్చుకోవాలి.