యుఎస్‌బి నిల్వ పరికరాల డ్రైవరు సమస్యలు

యుఎస్‌బి నిల్వ పరికరాల డ్రైవరు సమస్యలు అనగా పెన్ డ్రైవు, బాహ్య హార్డ్ డిస్కు, కార్డు రీడరు వంటి వాటిని కంప్యూటరుకు తగిలించినపుడు నిర్వాహక వ్యవస్థ వాటిని గుర్తించకపోవడం, గుర్తించినా చదవలేకపోవడం, లేదా నకలు తీస్తుండగా సంబంధం తెగిపోవడం వంటి లోపాలు. వీటికి కారణాన్ని అంచెలంచెలుగా వెదకి పట్టుకోవడాన్ని డీబగ్గింగ్ లేదా దోషశోధన అంటారు. పరికరం చెడిపోయిందని తొందరపడి ఫార్మాట్ చేయడం వలన కలిగే నష్టం, అసలు దోషం వలన కలిగే నష్టం కంటే తరచు పెద్దది. అందుచేత దోషశోధనలో మొదటి నియమం: కారణం తెలిసేవరకు ఆ పరికరంపై ఏమీ వ్రాయరాదు.

నేపథ్యం

పెన్ డ్రైవులు 2000 సంవత్సరంలో 8 మెగాబైట్ల పరిమాణంతో విపణిలోకి వచ్చాయి. విండోస్ 98లో వీటన్నిటికీ పనికివచ్చే ఉమ్మడి డ్రైవరు లేనందున తయారీదారు ఇచ్చిన డ్రైవరును విడిగా స్థాపించవలసి వచ్చేది. విండోస్ 2000, విండోస్ ఎంఈ లతో ఆ ఇబ్బంది తొలగింది. లినక్స్‌లో యుఎస్‌బి-స్టోరేజ్ అనే డ్రైవరు ఈ పని చేస్తుంది. దీనిని చాలాకాలం నిర్వహించినవారు మాథ్యూ ధర్మ్. 2001 జనవరిలో విడుదలైన 2.4 కెర్నెలులో ఈ డ్రైవరు ఉంది.

పనిచేసే విధానం

కంప్యూటరుకు, పెన్ డ్రైవుకు మధ్య సంభాషణ ఉత్తర ప్రత్యుత్తరాల వలె నడుస్తుంది. డ్రైవరు మొదట 31 బైట్ల ఆదేశపు పొట్లం పంపుతుంది. అందులో స్కజీ భాషలోని ఆదేశం ఉంటుంది. తరువాత సమాచారం అటో ఇటో ప్రవహిస్తుంది. చివరగా పరికరం 13 బైట్ల స్థితిపత్రం తిరిగి పంపుతుంది. దీనిపైన డిస్కు పొర, దానిపైన విభాగాల పట్టిక, అన్నిటికంటే పైన ఫైలు వ్యవస్థ ఉంటాయి. దోషం ఏ పొరలో ఉన్నదో తేల్చుకోవడమే అసలు పని. కింది పొర సరిగా ఉన్నదని రుజువు కానిదే పై పొరను మరమ్మతు చేయబూనడం వృథా ప్రయాస.

లినక్స్‌లో దోషశోధన

ముందుగా ఎల్ఎస్‌యుఎస్‌బి అనే ఆదేశంతో పరికరం జాబితాలో ఉన్నదో లేదో చూడాలి. పిమ్మట డీమెసేజ్ ఆదేశంతో కెర్నెలు సందేశాలు చదవాలి. అక్కడ -71 అనే సంఖ్య కనబడితే అది ప్రోటోకాల్ దోషం. తీగ, పోర్టు, విద్యుత్ సరఫరాలను అనుమానించాలి. -110 అయితే గడువులోగా సమాధానం రాలేదని అర్థం. యుఎస్‌బి 2.0 పోర్టు 500 మిల్లీఆంపియర్లు, 3.0 పోర్టు 900 మిల్లీఆంపియర్లు ఇవ్వగలవు. తిరిగే పళ్ళెం గల హార్డ్ డిస్కుకు ప్రారంభంలో ఇది చాలకపోవచ్చు. విద్యుత్ సరఫరా లేని హబ్బును తీసివేసి, కంప్యూటరు వెనుకవైపు పోర్టులో నేరుగా తగిలిస్తే తీరిపోయే కేసులు తక్కువేమీ కాదు.

కొన్ని పరికరాలు తమ గురించి తామే తప్పు చెబుతాయి. సామర్థ్యం అడిగినపుడు చివరి సెక్టారు సంఖ్యను చెప్పవలసి ఉండగా, మొత్తం సెక్టార్ల లెక్కను చెప్పేవి ఉన్నాయి. సెక్టార్ల లెక్క సున్నాతో మొదలవుతుంది గనుక ఈ రెంటికీ తేడా ఒకటి. కెర్నెలు ఆ లేని సెక్టారును చదవబోగా పరికరం స్తంభించిపోతుంది. ఇటువంటి వాటి కోసం డ్రైవరులో అసాధారణ పరికరాల పట్టిక ఒకటి ఉంది. తయారీదారు సంఖ్య, ఉత్పత్తి సంఖ్యలతోపాటు ఏ సవరణ చేయాలో అందులో నమోదై ఉంటుంది. పట్టికలో లేని పరికరానికి వాడుకరి తానే క్వర్క్స్ అనే పరామితి ద్వారా సవరణ సూచించవచ్చు.

యుఏఎస్ అనే వేగవంతమైన పద్ధతి లినక్స్ 3.15 నుండి, అనగా 2014 నుండి, విరివిగా వాడుకలోకి వచ్చింది. కొన్ని బాహ్య డిస్కుల పెట్టెలలోని వారధి చిప్పులు దీనిని సరిగా నిర్వహించలేవు. పెద్ద ఫైళ్ళ నకలు మధ్యలో పదేపదే రీసెట్ సందేశాలు రావడం దీని లక్షణం. క్వర్క్స్‌లో యు అక్షరం చేర్చితే పాత పద్ధతికి మారుతుంది. వేగం తగ్గినా పని పూర్తవుతుంది. ఇంకా లోతుగా చూడదలచినవారికి యుఎస్‌బిమాన్ అనే సాధనం పొట్లాల రాకపోకలను చూపుతుంది.

విండోస్‌లో

పరికరం తగిలించిన చప్పుడు వినబడినా డ్రైవు కనబడకపోతే, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో చూడాలి. విండోస్ ఎక్స్‌పీలో నెట్‌వర్కు డ్రైవుకు ముందే ఇచ్చిన అక్షరాన్నే పెన్ డ్రైవుకూ కేటాయించడం వలన అది మరుగున పడేది. కార్యాలయపు కంప్యూటర్లలో రిజిస్ట్రీలోని యుఎస్‌బిస్టార్ ప్రారంభ విలువ 3కు బదులు 4 ఉంటే, నిర్వాహకులు దానిని కావాలనే నిలిపివేసి ఉండవచ్చు. దానిని దోషంగా భావించి మార్చకూడదు, అడగాలి.

తెలుగు ఫైలు పేర్లు

ఫ్యాట్32 పెన్ డ్రైవును లినక్స్‌లో యుటిఎఫ్-8 ఐచ్ఛికం లేకుండా తగిలిస్తే తెలుగు పేర్లు వరుస ప్రశ్నార్థకాలుగా కనిపిస్తాయి. తెరవబోతే ఫైలు లేదన్న సందేశం కూడా రావచ్చు. ఇది డ్రైవరు దోషమూ కాదు, వైరసూ కాదు. ఫైళ్ళు క్షేమంగానే ఉంటాయి. యుటిఎఫ్-8 ఐచ్ఛికంతో మళ్ళీ మౌంటు చేస్తే చాలు. ఇంగ్లీషు పేర్లే వాడేవారికి ఈ చిక్కు ఎదురు కాదు కాబట్టి ఇంగ్లీషు సహాయ పుస్తకాలలో దీనికి చోటు అరుదు.

భద్రాచలం అటవీ ప్రాంతంలో

2016 వరకు ఖమ్మం జిల్లాలో ఉండి, ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకు చెందిన చర్ల, దుమ్ముగూడెం మండలాల అటవీ గ్రామాలలో అంతర్జాలం అన్నిచోట్లా నిలకడగా అందదు. పాఠశాల జాబితాలైనా, దరఖాస్తుల నకళ్ళైనా పెన్ డ్రైవులో పట్టణానికి తేవడం కద్దు. కోయ భాషలో పెద్దలు చెప్పిన కథల ధ్వనిముద్రణ ఉన్న డిస్కు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. దరఖాస్తు మళ్ళీ వ్రాయించవచ్చు గాని, కథ చెప్పిన ముసలివారు మరుసటి ఏడాదికి ఉంటారన్న భరోసా లేదు. ఇటువంటి డిస్కు చదవడంలో తడబడితే మరమ్మతు సాధనాలు ప్రయోగించక, ముందు డిడి-రెస్క్యూతో మరొక పెద్ద డిస్కుపై సంపూర్ణ ప్రతిబింబం తీసుకోవాలి. ఇది సులభంగా చదవగల భాగాలను మొదట కాపాడి, మొరాయించే భాగాలను చివరకు వదిలిపెడుతుంది. ఎంతవరకు చదివిందో చిట్టాలో వ్రాసుకుంటుంది కనుక మధ్యలో కరెంటు పోయినా ఆగినచోటి నుండి కొనసాగించవచ్చు. ఆపై చేసే ప్రయత్నాలన్నీ ఆ ప్రతిబింబం నకలుపైనే చేయాలి.