లక్ష్మి కనబడని లక్ష్మీనరసింహుడు

హంపిలో కృష్ణాలయానికి దక్షిణంగా కొద్ది దూరం నడిస్తే, పైకప్పు లేని రాతిగోడల నడుమ 6.7 మీటర్ల ఎత్తున ఆసీనుడైన నరసింహుడు కనిపిస్తాడు. గుండ్రంగా ముందుకు ఉబికిన కళ్ళు, విశాలమైన నోరు, విరిగిపోయిన చేతులు చూసినవారికి ఆ మూర్తిలో ఆగ్రహమే తోస్తుంది. యాత్రికుల నోట, పర్యాటక పుస్తకాలలో, పోస్టుకార్డుల మీద ఈ విగ్రహానికి స్థిరపడిన పేరు కూడా ఉగ్రనరసింహుడే. అయితే పక్కకు జరిగి విగ్రహం వెనుకభాగాన్ని పరిశీలిస్తే, స్వామి వీపును ఆనుకొని ఒక చిన్న హస్తం కనిపిస్తుంది. ఆ హస్తం స్వామిది కాదు, ఆయన ఎడమ తొడపై కూర్చొని, కుడిచేతితో ఆయనను చుట్టి పట్టుకొన్న లక్ష్మీదేవిది. దేవి రూపం నేడు లేదు. ఆమె ఒకప్పుడు అక్కడ ఉన్నదనడానికి ఆ చేయి మాత్రం మిగిలింది.

ఈ చిన్న ఆధారం విగ్రహం అర్థాన్నే మార్చివేస్తుంది. నృసింహుని ఉగ్రరూపాన్ని శిల్పులు సాధారణంగా హిరణ్యకశిపుని ఒడిలో వేసుకొని చీలుస్తున్నట్టు చూపుతారు. హంపి మూర్తి చేస్తున్నది సంహారం కాదు. ఆదిశేషుని చుట్టలపై కాళ్ళు ముడిచి కూర్చొన్న స్వామికి ఏడు పడగలు ఛత్రంగా నిలిచాయి. పడగలపైన మకరతోరణం, దాని శిఖరాన సింహముఖం. తొడపై దేవి. ఇది సంహారం ముగిసిన తరువాతి నరసింహుడు.

ఆ తరువాతి ఘట్టం తెలుగువారికి కొత్త కాదు. భాగవతం సప్తమ స్కంధంలో హిరణ్యకశిపుని వధ తరువాత కూడా స్వామి కోపం చల్లారదు. దేవతలు లక్ష్మిని పంపబోతే ఆమె కూడా దగ్గరకు వెళ్ళ జంకుతుంది. చివరికి బాలుడైన ప్రహ్లాదుడు వెళ్ళి పాదాలపై వాలితే స్వామి శాంతిస్తాడు. పోతన తెలుగులో ఈ కథ ఊరూరా వినబడింది. ఒకనాడు దరిచేరడానికి వెరచిన దేవి ఇక్కడ తొడపై నిశ్చింతగా కూర్చొని ఉండడంలో ఈ మూర్తి ప్రత్యేకత ఉంది. ఆమె లేకపోతే సగం కథే మిగులుతుంది.

శాసన సాక్ష్యం ప్రకారం ఈ విగ్రహాన్ని 1528లో, శ్రీకృష్ణదేవరాయల పాలనలో, ఉన్నచోటనే ఒకే బండను తొలిచి మలిచారు. ప్రతిష్ఠ జరిపినవాడు ఆర్య కృష్ణభట్టు. 1529లో మరణించిన రాయల పాలనలో ఇవి చివరి రోజులు. విగ్రహం ఉన్న ప్రాంతాన్ని కృష్ణాపురం అంటారు. ఆ పేరుకు మూలం ఇప్పటి నెల్లూరు జిల్లాలోని ఉదయగిరి. గజపతుల నుండి ఆ దుర్గాన్ని గెలిచిన రాయలు అక్కడి బాలకృష్ణుని విగ్రహాన్ని రాజధానికి తెచ్చి, 1515లో కొత్తగా కట్టించిన ఆలయంలో ప్రతిష్ఠించాడు. దాని చుట్టూ వీధులు, అంగళ్ళు, కోనేరు వెలిశాయి. ఆ బాలకృష్ణుడు నేడు హంపిలో లేడు, చెన్నై ప్రభుత్వ సంగ్రహాలయంలో ఉన్నాడు. తరలించగలిగిన విగ్రహం కాలక్రమంలో మరో నగరం చేరింది. కదిలించ వీలులేని నరసింహుడు మలిచిన చోటనే ఉండిపోయాడు.

రాయల నరసింహభక్తికి ఆంధ్రదేశంలోనూ ఆనవాళ్ళున్నాయి. కళింగ దండయాత్ర కాలంలో ఆయన 1515లో అహోబిలాన్ని, 1516లో సింహాచలాన్ని దర్శించి ఆభరణాలు సమర్పించినట్టు శాసనాలు చెబుతున్నాయి. ఈ రెండు క్షేత్రాలలోనూ ఉగ్రశాంతాలు జంటగానే కనిపిస్తాయి. ఎగువ అహోబిలంలో ఉగ్రనరసింహుడు కొలువై ఉంటే, దిగువన ప్రహ్లాదవరదుడు లక్ష్మీసమేతుడై ఉంటాడు. సింహాచలంలో స్వామిని ఏడాది పొడవునా చందనంతో కప్పి ఉంచుతారు, నిజరూప దర్శనం అక్షయతృతీయనాడు మాత్రమే. ఉగ్రతను ఒప్పుకొంటూనే దానిని చల్లబరచడం ఈ ఆరాధనా సంప్రదాయపు స్వభావం. హంపిలో ఆ చల్లదనాన్ని శిల్పి లక్ష్మి రూపంలో చూపించాడు.

మహామూర్తులను మలచడం ఆ నగరానికి అప్పటికే అలవాటు. హేమకూటం వాలున ఉన్న కడలెకాళు గణపతి ఎత్తు 4.5 మీటర్లు. దానికి సమీపంలోని సాసివెకాళు గణపతి మండపాన్ని 1506లో చంద్రగిరికి చెందిన ఒక వర్తకుడు కట్టించాడని శాసనం తెలుపుతుంది. పెద్ద గుళ్ళు కట్టేచోట రాతిని మోసుకురావాలి. ఇక్కడ ఎక్కడ చూసినా గుండ్లే కాబట్టి, బండను కదపకుండా దానినే దేవునిగా మలిచి, ఆపై చుట్టూ గోడలు కట్టడం సాధ్యమయింది. అయితే ఏకశిలకు ఒక బలహీనత ఉంది. దేహం నుండి బయటకు చాచుకొన్న చేతులు, తొడపై ముందుకు వచ్చిన దేవి వంటి భాగాలు దెబ్బకు ముందుగా విరుగుతాయి. విరిగిన భాగాన్ని మళ్ళీ అదే బండలోంచి తీయలేరు.

1565 జనవరిలో రాక్షసి-తంగడి యుద్ధంలో అళియ రామరాయలు మరణించాడు. రాజకుటుంబం పెనుగొండకు తరలిపోగా, రాజధాని దోపిడీకి, విధ్వంసానికి గురయింది. నరసింహుని చేతులు విరగడాన్ని, లక్ష్మి మాయం కావడాన్ని సాధారణంగా ఆ కాలానికే ఆపాదిస్తారు. నగరమంతా ఒకే తీరున నాశనం కాలేదు. కృష్ణాలయం, విఠలాలయం దెబ్బతిన్నా, విరూపాక్షాలయం నిలిచింది, అక్కడి పూజలు నేటికీ సాగుతున్నాయి.

నరసింహుని పేరు మారడానికి కారణం ఈ విధ్వంసంలోనే ఉంది. దేవి లేని తొడ, మొండి చేతులు, ఎదురుగా ఉబికిన కళ్ళు చూసినవారు తమకు కనిపించిన దానికే పేరు పెట్టుకొన్నారు. విగ్రహానికి తగిలిన గాయమే విగ్రహ లక్షణంగా స్థిరపడింది. పురావస్తు శాఖవారి ఫలకం లక్ష్మీనరసింహుడనే చెబుతున్నా, వాడుకలో ఉగ్రనరసింహమే గెలిచింది. 1980లలో జరిగిన మరమ్మతులలో మోకాళ్ళను కలుపుతూ రాతి యోగపట్టాన్ని అమర్చారు. అది విగ్రహానికి ఆసరా ఇచ్చింది. దానితోపాటు, ముందునుండి చూసేవారి కంటికి మొదట తగిలేది ఆ పట్టే కాబట్టి, యోగనరసింహుడని పిలిచేవారూ ఉన్నారు. లక్ష్మిని మాత్రం తిరిగి చెక్కలేదు. ఆమె ముఖం, భంగిమ, ఆభరణాలు ఎలా ఉండేవో ఊహించి చెక్కితే అది 16వ శతాబ్దపు శిల్పం కాబోదు. భక్తునికి ఆ లోటు బాధ కలిగించవచ్చు. చరిత్రకు మాత్రం ఖాళీగా ఉన్న ఆ తొడ కూడా ఒక సాక్ష్యమే.

ఆరాధనలోనూ ఈ తేడా తెలుస్తుంది. ఆగమ సంప్రదాయంలో భిన్నమైన మూర్తికి నిత్యపూజ ఉండదు. అందుకే ఇంతటి నరసింహుని ముందు దీపం, నైవేద్యం లేవు, ఇనుప కటకటాలు ఉన్నాయి. పక్కనే చిన్న గర్భగృహంలో 3 మీటర్ల ఎత్తైన బడవిలింగం కాలువ నీటిలో నిలిచి ఉంది. కన్నడంలో ‘బడవ’ అంటే పేద. ఒక పేదరాలు దానిని చేయించిందని స్థలకథ. చెక్కుచెదరని ఆ లింగానికి పూజలు అందుతున్నాయి. చక్రవర్తి ప్రతిష్ఠించిన దేవునికి చూపరులు మిగిలారు, పేదరాలి పేరున ఉన్న దేవునికి భక్తులు మిగిలారు.

1986లో హంపి ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తింపు పొందింది. నాటినుండి దూరదేశాలవారు కూడా వచ్చి, నరసింహుని ఎదుట నిలిచి ఫోటో తీసుకొని వెళ్తున్నారు. ఆ ఫోటోలలో ఉండేది ఉగ్రమూర్తే. ఒక నిమిషం ఆగి, కటకటాల వెంబడి పక్కకు జరిగి వీపువైపు చూసినవారికి మాత్రం 1528నాటి శిల్పి ఉద్దేశించిన మూర్తి అర్థమవుతుంది. దేవి చేయి ఇప్పటికీ అక్కడే, స్వామి వీపును పట్టుకొనే ఉంది.